మైన్‌క్రాఫ్ట్‌లో మొదటి పనిముట్లు: చెట్టు దుంగ నుంచి ఇనుప పికాక్స్ దాకా

బ్లాకులు, అంటే ఘనాకారపు ముక్కలు, తవ్వి కట్టుకునే ఆట మైన్‌క్రాఫ్ట్. అందులో కొత్త సర్వైవల్ ప్రపంచం (అన్నీ మనమే సంపాదించుకుని బతకాల్సిన ప్రపంచం) తెరిచేసరికి చేతిలో ఏమీ ఉండదు. ఎదురుగా నాలుగు చెట్లు, ఒక గుట్ట, దూరంగా గొర్రెలో ఆవులో మేస్తూ ఉంటాయి. పైన సూర్యుడు మాత్రం ఆగడు. ఆటలో ఒక రోజంటే మన గడియారంలో 20 నిమిషాలు. అందులో పట్టపగలు 10 నిమిషాలే. ఆ తర్వాత పొద్దు వాలుతుంది, చీకట్లో జాంబీలు బయలుదేరతాయి. మొదటి రాత్రి ఎలా గడుస్తుందన్నది ఆ పది నిమిషాల్లో మీరు చేసుకున్న పనిముట్ల మీదే ఆధారపడి ఉంటుంది.

పోయిన వేసవి సెలవుల్లో మా మేనల్లుడికి ఈ ఆట నేర్పించాను. వాళ్ల ఊరు వెళ్లాక ఒకరోజు సాయంత్రం ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇనుము దొరికింది. తవ్వితే మాయమైపోయింది" అన్నాడు. గొంతులో ఏడుపు తెలుస్తోంది. "దేంతో కొట్టావురా?" అనడిగాను. "చెక్క పికాక్స్‌తో" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఏ పనిముట్టుతో ఏది తవ్వితే చేతికొస్తుందో ఆట ఎక్కడా చెప్పదు. నేను కూడా వాడికి చేయడం ఎలాగో చెప్పాను గానీ ఈ సంగతి చెప్పలేదు. ఆ రోజు ఫోన్‌లో చెప్పినదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. కంప్యూటర్‌లో జావా ఎడిషన్ ఆడినా, ఫోన్‌లో బెడ్‌రాక్ ఎడిషన్ ఆడినా ఈ కొలతలే పనిచేస్తాయి. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

ముందుగా పేర్ల సంగతి. ఆటలో ముఖ్యమైన పనిముట్లు ఐదు: పికాక్స్, యాక్స్, షవల్, సోర్డ్, హో. యాక్స్ అంటే గొడ్డలి, సోర్డ్ అంటే కత్తి. ఈ రెంటికీ తెలుగు మాటలే వాడతాను. పికాక్స్‌ని గునపం అనుకోకండి. గునపం నిటారు కడ్డీ, ఇది పిడికి అడ్డంగా రెండు కొనలున్న తల. షవల్‌ని పార అనడం మరీ చిక్కు. మన పొలాల్లో వాడే పార, పిడికి వంగి ఉండి మట్టిని మనవైపు లాగేది, ఆటలోని హోకి దగ్గరగా ఉంటుంది. అందుకే ఆ మూడింటికీ ఆట పేర్లే ఉంచుతున్నాను.

మొదటి అడుగు: చెట్టు కొట్టడం

చెట్టు దగ్గరికి వెళ్లి కాండం మీద గురిపెట్టండి. మౌస్ ఎడమ బటన్ నొక్కి పట్టుకోండి. ఫోన్‌లో అయితే ఆ దుంగ మీద వేలు అదిమి ఉంచండి. దుంగ మీద పగుళ్లు పాకుతాయి, సుమారు 3 సెకన్లకు అది ఊడి చిన్న బొమ్మలా నేల మీద తేలుతుంది. మీరు దగ్గరికి జరిగితే చాలు, అదే మీ దగ్గరికి వచ్చేస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. టకటకా నొక్కుతారు. మధ్యలో వేలు తీస్తే పగుళ్లు పోయి దుంగ మళ్లీ మామూలుగా అయిపోతుంది, మొదటి నుంచి కొట్టాలి. పగిలేదాకా వేలు తీయకండి.

కింద దుంగ తీసేసినా చెట్టు కూలదు, పైభాగం గాల్లో అలాగే నిలబడుతుంది. కాండంలో చేయి అందినంత వరకూ అన్ని దుంగలూ తీసుకోండి. దుంగలన్నీ పోయాక ఆకులు వాటంతటవే రాలిపోతూ మధ్యమధ్యలో చిన్న మొక్కలను వదులుతాయి. వాటిని ఏరి అక్కడే నాటేయండి. ఆటలో నాలుగైదు రోజుల తర్వాత మీ ఇంటి పక్కనే కలప ఉంటుంది, ప్రతిసారీ దూరం వెళ్లక్కర్లేదు.

ఎన్ని దుంగలు కావాలి? మొదటి పికాక్స్‌కి 3 చాలు. కానీ ముందుముందు కర్రలు, కట్టెబొగ్గు, మంచం, అన్నిటికీ కలిపి 10 తీసుకోండి. మంచి పొద్దున్నే మొదలుపెడితే ఇదంతా నిమిషంలో అయిపోతుంది.

రెండో అడుగు: పలకలు, కర్రలు, టేబుల్

ఇన్వెంటరీ, అంటే మీ సామాను సంచి, తెరవండి. కంప్యూటర్‌లో ఆంగ్ల అక్షరం E కీ, ఫోన్‌లో కింద మూడు చుక్కల గుర్తు. మీ బొమ్మ పక్కన రెండు వరుసల్లో నాలుగు గళ్లు కనిపిస్తాయి. అదే మీ మొదటి పని బల్ల. ఒక గడిలో ఒక దుంగ పెట్టండి. బాణం గుర్తు అవతల 4 పలకలు వస్తాయి. ఇది మొదటి లెక్క: ఒక దుంగకి 4 పలకలు.

ఇప్పుడు ఆ నాలుగు గళ్లలోనూ ఒక్కో పలక పెట్టండి. క్రాఫ్టింగ్ టేబుల్ వస్తుంది. దాన్ని కింద ఉన్న హాట్‌బార్‌లోకి (చేతికందే వస్తువుల వరుసలోకి) లాక్కుని నేల మీద పెట్టండి. కంప్యూటర్‌లో మౌస్ కుడి బటన్, ఫోన్‌లో ఒకసారి తాకితే చాలు. ఈ టేబుల్ తెరిస్తే మూడు వరుసల్లో తొమ్మిది గళ్లు ఉంటాయి. పనిముట్లన్నీ ఇక ఇక్కడే చేయాలి.

కర్రల కోసం రెండు పలకలను ఒకదాని కింద ఒకటి పెట్టండి. 4 కర్రలు వస్తాయి. పక్కపక్కన పెడితే రావు, నిలువుగానే ఉండాలి. పలకలు ఒకే రకం చెట్టువి కావాలన్న నియమం లేదు. ఒకటి ఓక్, ఒకటి బర్చ్ అయినా కర్రలకూ టేబుల్‌కూ పనిముట్లకూ పనికొస్తాయి.

ఈ ఆటని స్వీడన్ ప్రోగ్రామర్ మార్కస్ పెర్సన్ 2009లో జనం ముందు పెట్టాడు. జావా ఎడిషన్‌లో రెసిపీ బుక్ వచ్చింది 2017లో. ఆ మధ్య కాలంలో ఆడినవాళ్లంతా ఈ అమరికలను బయట ఎక్కడో చూసి, కంఠతా పట్టి గుర్తుంచుకున్నవాళ్లే. ఇప్పుడు ఇన్వెంటరీలో ఆకుపచ్చ పుస్తకం బొమ్మ నొక్కితే మీ దగ్గరున్న సరుకుతో ఏమేం చేయొచ్చో చూపిస్తుంది, నొక్కగానే గళ్లు అవే నిండుతాయి. ఫోన్‌లో అయితే ఆ జాబితా నేరుగా తెర మీదే ఉంటుంది. అది వాడుకోండి, తప్పేం కాదు. కానీ ఐదు పనిముట్ల అమరిక మాత్రం చేత్తో ఒకసారి పేర్చి చూడండి. పేర్చిన ఆకారం పనిముట్టు ఆకారంలాగే ఉంటుంది. ఒకసారి అది కంటికి ఆనితే ఇక మర్చిపోరు.

మూడో అడుగు: చెక్క పికాక్స్, అదొక్కటే

పై వరుసలో మూడు గళ్లలోనూ మూడు పలకలు. మధ్య వరుసలో నడిమి గడిలో ఒక కర్ర. కింది వరుసలో నడిమి గడిలో ఇంకో కర్ర. మిగతావి ఖాళీ. అంతే, చెక్క పికాక్స్.

ఇక్కడ నా మాట గట్టిగా వినండి. చెక్కతో గొడ్డలి, షవల్, కత్తి, హో చేయకండి. చాలామంది ఐదూ చేసేసుకుంటారు, చూడ్డానికి సెట్ నిండుగా ఉంటుందని. చెక్క పనిముట్టు మన్నిక 59. అంటే 59 బ్లాకులు తవ్వితే విరిగిపోతుంది. రాతిది 131. చెక్క పికాక్స్ చేసిన రెండు నిమిషాల్లో మీ చేతికి రాయి వస్తుంది. ఆ రెండు నిమిషాల కోసం పలకలు ఖర్చు పెట్టడం దండగ. చెక్క పికాక్స్ చేయాల్సిన పని ఒక్కటే, మీకు మొదటి మూడు రాళ్లు తెచ్చిపెట్టడం. ఆ తర్వాత దానికి ఇంకో మంచి పని ఉంది, కాసేపట్లో చెబుతాను.

నాలుగో అడుగు: రాయి

గుట్ట పక్కన బూడిద రంగు రాయి బయటికి కనిపిస్తే నేరుగా అక్కడికే వెళ్లండి. లేకపోతే మట్టి తవ్వండి, మూడు నాలుగు బ్లాకుల కింద రాయి తగులుతుంది. కానీ కాళ్ల కింద నిట్టనిలువుగా తవ్వకండి. కింద గుహ ఉంటే నేరుగా అందులోకి పడతారు, లావా ఉంటే సామానంతా కాలిపోతుంది. మెట్లలాగా తవ్వండి. ఒకటి ముందుకు, ఒకటి కిందికి, తల తగలకుండా పైన ఖాళీ. వచ్చిన దారినే పైకి నడిచి రావచ్చు.

రాయిని చేత్తో కొడితే ఏమవుతుందో ఒకసారి చూడండి. ఏడున్నర సెకన్లు పడుతుంది, పగులుతుంది, కానీ ఏమీ చేతికి రాదు. అదే రాయిని చెక్క పికాక్స్‌తో కొడితే సెకనుకి కాస్త పైన, కాబుల్‌స్టోన్ (పగిలిన రాయి) ముక్క ఎగిరొస్తుంది. పనిముట్టు విలువ వేగంలోనే కాదు, వస్తువు చేతికి దక్కడంలో ఉంది. మా వాడికి ఇనుము మాయమైంది కూడా ఇందుకే.

మూడు ముక్కలు రాగానే ఆగండి. టేబుల్ దూరంగా ఉంటే నాలుగు పలకలతో అక్కడే ఇంకోటి చేసుకోండి, వెనక్కి పరిగెత్తే టైమ్ కంటే నాలుగు పలకలే చౌక. పై వరుసలో మూడు కాబుల్‌స్టోన్‌లు, నడిమి నిలువులో రెండు కర్రలు. రాతి పికాక్స్ తయారు. ఇక దీంతో రాయికి దాదాపు అర సెకను. మిగతా తవ్వకమంతా దీంతోనే చేయండి. కనీసం 25 ముక్కలు తీసుకోండి.

ఐదో అడుగు: రాతి పనిముట్లు

పికాక్స్‌తో పాటు మిగతా నాలుగూ ఇప్పుడు చేసుకోవాలి. అమరికలు ఇవి.

గొడ్డలి: పై వరుసలో ఎడమ, నడిమి గళ్లలో రెండు రాళ్లు. మధ్య వరుసలో ఎడమ గడిలో ఒక రాయి, నడిమి గడిలో కర్ర. కింద నడిమి గడిలో కర్ర. కుడివైపు తిప్పి పెట్టినా అదే వస్తుంది. మొత్తం 3 రాళ్లు, 2 కర్రలు.

షవల్: నిలువుగా పైన ఒక రాయి, కింద రెండు కర్రలు.

కత్తి: నిలువుగా పైన రెండు రాళ్లు, కింద ఒక కర్ర.

హో: పై వరుసలో పక్కపక్కన రెండు రాళ్లు, నడిమి నిలువులో కింద రెండు కర్రలు.

ఐదూ కలిపి 11 రాళ్లు, 9 కర్రలు. ఫర్నెస్‌కి ఇంకో 8 రాళ్లు కావాలి. 19 అయ్యాయి. 25 తెమ్మన్నది అందుకే, చేతిలో నాలుగైదు మిగిలితే రాత్రికి తలుపు బదులు అడ్డం పెట్టుకోవచ్చు.

వీటిలో మొదట చేయాల్సింది ఏది? నా అనుభవంలో గొడ్డలి. చేత్తో దుంగకి 3 సెకన్లు పడితే రాతి గొడ్డలికి ముప్పావు సెకను. కలప పని నాలుగో వంతుకి తగ్గిపోతుంది. తర్వాత కత్తి. షవల్ మట్టి, ఇసుక, కంకర ఎక్కువగా తవ్వాల్సి వచ్చినప్పుడు చేసుకోవచ్చు. ఒక రాయి, రెండు కర్రలే కదా. హో కూడా తొందర లేదు. గడ్డి కొడితే వచ్చే గింజలు చేతిలో ఉండి, నీళ్లకు నాలుగు బ్లాకుల లోపు నేల దొరికితే అప్పుడు చేయండి. గోధుమ వేసుకుంటే తిండికి ఢోకా ఉండదు.

గొడ్డలితోనే పోరాడొచ్చు కదా అని అడుగుతారు. జావా ఎడిషన్‌లో రాతి గొడ్డలి దెబ్బ 9, రాతి కత్తి దెబ్బ 5. అంకె చూస్తే గొడ్డలే గొప్ప. కానీ ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య గొడ్డలికి కత్తికంటే రెట్టింపు టైమ్ పడుతుంది, ఇద్దరు ముగ్గురు జాంబీలు ఒకేసారి మీద పడితే ఆ ఆలస్యం ప్రాణం మీదికొస్తుంది. పైగా గొడ్డలితో కొట్టిన ప్రతిసారీ మన్నికలో రెండు పాయింట్లు పోతాయి. కత్తికి ఒకటే. బెడ్‌రాక్‌లో అయితే దెబ్బలో కూడా కత్తిదే పైచేయి. అలాగే కత్తితో బ్లాకులు పగలగొట్టకండి. అప్పుడు దానికీ రెండేసి పోతాయి. దేని పని దానితోనే.

ఆరో అడుగు: ఫర్నెస్, వెలుగు

టేబుల్‌లో నడిమి గడి వదిలేసి చుట్టూ ఎనిమిది గళ్లలో కాబుల్‌స్టోన్ పెట్టండి. ఫర్నెస్ వస్తుంది, అంటే మన కొలిమి. తెరిస్తే పైన కాల్చాల్సిన వస్తువుకి ఒక గడి, కింద ఇంధనానికి ఒక గడి.

ఇప్పుడు ఆ చెక్క పికాక్స్ గుర్తుందా? దాన్ని కింది గడిలో పెట్టండి. పై గడిలో ఒక దుంగ పెట్టండి. మంట రాజుకుంటుంది. చెక్క పనిముట్టు ఎంత అరిగిపోయినా సరే, సరిగ్గా ఒక వస్తువుని కాల్చేంత ఇంధనం ఇస్తుంది. 10 సెకన్లలో దుంగ కట్టెబొగ్గు అయి బయటికొస్తుంది. ఆ బొగ్గుని ఒక కర్ర పైన పెడితే 4 టార్చ్‌లు. మీ మొదటి పనిముట్టు కాలిపోతూ మొదటి రాత్రికి నాలుగు దీపాలు ఇచ్చి వెళ్తుంది. ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పది సెకన్లు అవే. మా మేనల్లుడికి చూపించినప్పుడు వాడు ఆ మంట ఆరేదాకా తెర మీంచి కళ్లు తిప్పలేదు.

ఆ తర్వాత బొగ్గు లెక్క సులువు. ఒక బొగ్గు, నేలలో దొరికే రాక్షసిబొగ్గు అయినా కట్టెబొగ్గు అయినా, 8 వస్తువులను కాలుస్తుంది. అంటే రెండో కట్టెబొగ్గు చేయగానే దాన్ని ఇంధనంగా వేసి 8 దుంగలు పెడితే 8 బొగ్గులు వస్తాయి. కొండవాలులో నల్లమచ్చల రాయి కనిపిస్తే అది బొగ్గు ఖనిజం, ఏ పికాక్స్‌తో అయినా వస్తుంది. అది దొరికితే దుంగలు కాల్చే పనే లేదు.

టార్చ్‌లు అలంకారానికి కాదు. 2021 చివర్లో వచ్చిన మార్పు తర్వాత జాంబీలు, అస్థిపంజరాలు, దగ్గరికొచ్చి పేలిపోయే క్రీపర్‌లు వెలుగు పూర్తిగా సున్నా ఉన్నచోటే పుడతాయి. టార్చ్ దగ్గర వెలుగు 14, ఒక్కో బ్లాక్ దూరం వెళ్లేకొద్దీ ఒకటి తగ్గుతుంది. సొరంగంలో పది పన్నెండు బ్లాకులకి ఒకటి పెట్టుకుంటూ వెళ్తే వెనకనుంచి ఎవరూ రారు, టెన్షన్ ఉండదు. వెళ్లేటప్పుడు ఎప్పుడూ కుడివైపు గోడకే పెట్టండి. తిరిగి వచ్చేటప్పుడు టార్చ్‌లు ఎడమవైపు కనిపిస్తే ఇంటి దారిలో ఉన్నట్టు. గుహలో దారి తప్పి చనిపోయేవాళ్లే ఎక్కువ, రాక్షసుల చేతిలో కంటే. నేను చూసినంతలో.

చీకటి పడేలోగా గొర్రెలు కనిపిస్తే మూడింటి నుంచి ఒకే రంగు ఉన్ని మూడు తెచ్చుకుని, మూడు పలకల మీద పేర్చి మంచం చేసుకోండి. మధ్య వరుసలో ఉన్ని, కింది వరుసలో పలకలు. పడుకుంటే రాత్రి గడిచిపోతుంది. గొర్రెలు దొరక్కపోతే కొండలోకి రెండు బ్లాకులు తవ్వి లోపలికి వెళ్లి, మూతికి మిగిలిన రాళ్లు పెట్టి, టార్చ్ వెలిగించుకుని రాత్రంతా పక్కనే రాయి తవ్వుకుంటూ కూర్చోండి. టైమ్ వృథా కాదు.

ఏడో అడుగు: ఇనుము

రాతి పికాక్స్ లేకుండా ఇనుము దగ్గరికి వెళ్లకండి. వెళ్లినా ముట్టుకోకండి.

ఇనుప ఖనిజం బూడిద రాయిలో పల్లీ పొట్టులాంటి లేత గులాబీ రంగు మచ్చలతో ఉంటుంది. రాగి ఖనిజంలో నారింజ రంగుకి పచ్చ కలిసి ఉంటుంది, రెండూ పక్కపక్కన చూస్తే తేడా తెలిసిపోతుంది. ఎక్కడ వెతకాలి? జావాలో ఎఫ్3 నొక్కితే మీరున్న చోటు అంకెలు కనిపిస్తాయి. బెడ్‌రాక్‌లో ప్రపంచం సెట్టింగ్స్‌లో కోఆర్డినేట్స్ చూపించమని పెట్టుకోవాలి. మూడు అంకెల్లో నడిమిది, వై, ఎత్తు చెబుతుంది. సముద్రమట్టం 62 దగ్గర. ఇనుము వై 16 చుట్టూ బాగా దొరుకుతుంది, ఎత్తైన పర్వతాల్లో పైన కూడా పుష్కలంగా ఉంటుంది. అయినా మొదటి ఇనుము కోసం అంత లోతుకి సొరంగం తవ్వక్కర్లేదు. దగ్గర్లో గుహ నోరు కనిపిస్తే టార్చ్‌లతో లోపలికి వెళ్లి గోడలు చూస్తూ నడవండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

తవ్వితే ముడి ఇనుము వస్తుంది. ఫర్నెస్‌లో పెడితే ఒక్కోటి 10 సెకన్లలో ఇనుప కడ్డీ అవుతుంది. ఎనిమిదింటికి ఒక బొగ్గు, 80 సెకన్లు.

మొదటి మూడు కడ్డీలు ఎవరేం చెప్పినా పికాక్స్‌కే. అమరిక అదే, పైన మూడు కడ్డీలు, కింద రెండు కర్రలు. దాని మన్నిక 250. అంతకంటే ముఖ్యం, బంగారం, రెడ్‌స్టోన్, పచ్చ, వజ్రం, ఈ నాలుగూ ఇనుప పికాక్స్‌తో కొడితేనే చేతికి వస్తాయి. రాతి పికాక్స్‌తో వజ్రాన్ని కొడితే మా వాడి ఇనుములాగే అది కూడా పోతుంది, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. వజ్రాల పికాక్స్ చేసుకున్నాక అబ్సిడియన్ అనే గట్టి నల్ల రాయి కూడా తవ్వొచ్చు. దాని మన్నిక 1561, చాలాకాలం తోడుంటుంది.

నాలుగో కడ్డీ డాలుకి ఇవ్వండి. పై వరుసలో పలక, కడ్డీ, పలక. మధ్య వరుసలో మూడు పలకలు. కింది వరుసలో నడుమ ఒక పలక. ఒకే ఒక్క కడ్డీతో బాణాలనుంచీ, క్రీపర్ పేలుడు నుంచీ కాపాడే వస్తువు ఇది. ఇనుప కత్తికంటే ముందు దీన్ని చేయమని నేను అందరికీ చెబుతాను. ఆ తర్వాత మూడు కడ్డీలు ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో పెడితే బకెట్. నీళ్ల బకెట్ ఉంటే లావా ఎదురైనా దాని మీద నీళ్లు పోసి దాటొచ్చు. కత్తి, గొడ్డలి ఆ తర్వాత.

2025లో వచ్చిన అప్‌డేట్ నుంచి రాగితో కూడా పనిముట్లు చేసుకోవచ్చు. మన్నిక 190, వేగం రాతికీ ఇనుముకీ మధ్య. కానీ రాగి పికాక్స్‌ రాతి పికాక్స్ తవ్వగలిగినవే తవ్వుతుంది, వజ్రానికి పనికిరాదు. రాగి ఒక్క బ్లాక్ నుంచే రెండు నుంచి ఐదు ముడి ముక్కలు వస్తాయి కాబట్టి ఇనుము కరువుగా ఉన్న రోజుల్లో గొడ్డలి, షవల్ రాగితో చేసుకుని, ఇనుము పికాక్స్‌కి దాచుకోవడం తెలివైన పని. బంగారంతో మాత్రం చేయకండి. పని వేగంగా చేస్తుంది గానీ మన్నిక 32. చెక్కకంటే తక్కువ.

అరిగిన పనిముట్లు

వాడేకొద్దీ పనిముట్టు బొమ్మ కింద సన్న గీత కనిపిస్తుంది. మొదట పచ్చగా, తర్వాత పసుపు, నారింజ, చివరికి ఎరుపు. ఎరుపు వచ్చాక గుహ లోపలికి ఇంకా వెళ్లడం మంచిది కాదు. చేతిలో పికాక్స్ విరిగిపోయి, చుట్టూ రాయి ఉంటే బయటపడటం కష్టం. నాకు ఒకసారి అలాగే అయింది. రాతి పికాక్స్ ఒక్కటే పట్టుకుని లోతుకి వెళ్లాను, అది విరిగింది, కర్రలు లేవు, టేబుల్ లేదు. ఏడున్నర సెకన్లకో రాయి చొప్పున చేతులతో కొట్టుకుంటూ పైకి రావడానికి ఎంతసేపు పట్టిందో. అప్పటినుంచి కిందికి దిగేటప్పుడు ఆరు కర్రలు, ఒక టేబుల్, రెండో పికాక్స్ లేకుండా వెళ్లను. రాయి అక్కడ ఎలాగూ దొరుకుతుంది. దొరకనిది కలపే.

సగం అరిగిన రెండు పనిముట్లను కలిపి ఒకటి చేయొచ్చు. ఒకే రకానివి, ఒకే పదార్థానివి కావాలి. రెండు గళ్లలో పెడితే వాటి మన్నిక కలిసి, పైన పూర్తి మన్నికలో 5 శాతం అదనంగా వస్తుంది. ఒక రాతి పికాక్స్‌లో 20, ఇంకోదాంట్లో 30 మిగిలాయనుకోండి. కలిపితే 56. మీ నాలుగు గళ్ల బల్ల మీదే ఈ పని అవుతుంది, టేబుల్ అక్కర్లేదు. మరీ ఎక్కువ మిగిలి ఉండగా కలపకండి. మొత్తం పూర్తి మన్నికని దాటితే దాటినదంతా పోతుంది. ఎరుపులోకి వచ్చినవే కలపండి.

ఇంకో సంగతి, చనిపోతే సామానంతా అక్కడే పడిపోతుంది. మీరు ఆ చోటి దగ్గర్లో ఉండగా ఐదు నిమిషాలు దాటితే ఆ సామాను ఇక ఉండదు. అందుకే ఇంట్లో ఒక పెట్టె పెట్టుకోండి. టేబుల్‌లో నడిమి గడి వదిలి చుట్టూ ఎనిమిది పలకలు. ఫర్నెస్ అమరికే, రాయి బదులు పలక. మంచం పక్కనే పెట్టి అందులో ఒక రాతి పికాక్స్, ఒక రాతి కత్తి, నాలుగు టార్చ్‌లు, కాస్త తిండి ఎప్పుడూ ఉంచండి. మంచం మీద లేవగానే అవి చేతికి అందితే, పడిపోయిన సామాను దగ్గరికి ఆ ఐదు నిమిషాల్లోనే పరిగెత్తొచ్చు.